తూకమునకు పోవుచున్న పేళ్లు

దిల్‌సుఖ్‌నగర్ పాత్రల అంగళ్లలో పాత ఇత్తడి, రాగి తూచి తీసికొని, బదులు స్టీలు పాత్రల నిచ్చుట చాలకాలముగా నున్నదే. కళాయి పోయిన గిన్నెలో పులుసు కాచిన చిలుము పుట్టును. కళాయి వేయువాడు వీధికి వచ్చుట మానెను. కావున సామాను మార్చు గృహిణిని నిందింప మేము సిద్ధముగా లేము.

అయితే ఆ తూకములో లోహముతో బాటు మఱియొకటి పోవుచున్నది. ఆడపిల్లను అత్తవారింటికి పంపునపుడు సారెగా నిచ్చిన బిందెమీద చుక్కచుక్కగా పేరు కొట్టించుట మన యిండ్లలో పరిపాటి. మన తాతల పేళ్లకు పట్టాలున్నవి, పహాణీలున్నవి, దస్తావేజులున్నవి. ముత్తవ్వ పేరు వ్రాతలో మిగిలియున్నచో, పెక్కు గృహములలో నది యీ బిందెమీదనే. చదువరులలో నెందఱు ఆ పేరు తడుముకొనక చెప్పగలరు?

సోల, తవ్వ, మానికల గతియు నిట్టిదే. 1956 నాటి తూనికల చట్టముతో నవి వ్యవహారమునుండి తొలగినవి. బియ్యపు డబ్బాలో సోల మాత్రము మఱికొంతకాలము దాగియుండెను. ఇక తిరుగలి తూకమునకును పనికిరాదు గనుక వేపచెట్టు మొదట పడియున్నది. తెల్లవారుజామున దానిని త్రిప్పిన చేతులకు కూలియు లేదు, లెక్కయు లేదు. అరిగిన రాతికి మరల మరల పెట్టించిన గంట్లే ఆ శ్రమకు ఖాతా.

1951లో తెఱచిన సాలార్‌జంగు మ్యూజియములోని గడియారములు, కత్తులు, పింగాణి మెచ్చదగినవే. కాని యవి దివానుల యింటి సామాను. పుణెలో దినకర కేల్కరు దీపములు, అడకత్తెరలు, వంటపాత్రలు సేకరించి మ్యూజియము నిలిపెను. అహమ్మదాబాదులో 1981 నుండి ఒక్క పాత్రలకే ప్రదర్శనశాల గలదు. మనకేల లేదు?

కొత్తపేట, నాగోలు, సరూర్‌నగరు నిన్నమొన్నటి పల్లెలు. 2018 సెప్టెంబరు 24న ఎల్.బి. నగర్‌కు మెట్రో వచ్చెను. పెంకుటిండ్లు పడి అంతస్తులు లేచినచోట అటకలు లేవు. అటకమీది సామానునకు చోటును లేదు. ఆ ప్రాంతమున పురపాలకులు ఒక్క గది యిచ్చినను పని మొదలుపెట్టవచ్చును.

అంతవఱకు బిందెను అంగడికి పంపుటకు ముందు చింతపండుతో తోమి, పేరు చదివి, ఆమె యెవరో, ఏ యూరి ఆడపడుచో ఇంటి పెద్దల నడిగి వ్రాసికొనుడు. అంగడివాడు ఆ మాత్రము ఆగును.