కోడలు అన్నము పెట్టలేదట!



మీ వీధిలో ఒక యిల్లున్నది. ఆ యింటి అరుగుమీద ఒక అవ్వ కూర్చుండి, దారిన పోవువారిని పిలిచి, "మూడు దినములనుండి నా కోడలు నాకు అన్నము పెట్టలేదమ్మా" అని చెప్పుచున్నది. ఆమె కన్నీరు నిజమైన కన్నీరే. మీరు విని, నొచ్చుకొని, కుళాయియొద్ద నలుగురితో చెప్పితిరి. ఆదివారమునాటికి ఆ మాట దేవాలయపు వాకిటికి వచ్చెను. సంఘమంతయు కలిసి ఆ కోడలికి తీర్పు తీర్చెను.

అయితే ఆ అవ్వ చేతివ్రేళ్లకు అప్పుడే తిన్న పప్పన్నము ఇంకను అంటియుండెనే, దానిని మీలో ఎవరైనను చూచితిరా?

కఠినముగా వ్రాయుచున్నానని తలంపవద్దు. మన సంఘములలో ఒక పాపము భక్తివేషము వేసికొని తిరుగుచున్నది. మతి తప్పిన పెద్దలను చూచుకొను భారమంతయు ఒక్క స్త్రీమీద మోపుట, ఆమె అలసినప్పుడు ఆమెనే నిందించుట, ఇదియే ఆ పాపము.

మొదట రోగమును తెలిసికొందము. వైద్యులు దీనిని డిమెన్షియా అందురు. కూరలో ఉప్పు వేసితినో లేదో మరచుట ముసలితనము. నలువది యేండ్లు వండిన పొయ్యియెదుట నిలిచి, ఏమి చేయవలెనో తెలియకపోవుట ఈ రోగము. 1906లో ఆలోయిస్ ఆల్జైమర్ అను జర్మనీ వైద్యుడు, చనిపోయిన ఒక రోగి మెదడును పరీక్షించి, అందులో తాను చూచిన మార్పులను తోటి వైద్యులకు వివరించెను. ఆమె రోగము మొదట బయటపడినది భర్తమీది అనుమానముతోనే. కావున నింద వేయుట, అనుమానించుట, తిన్నది మరచుట, ఇవి దుర్బుద్ధివలన కలుగునవి కావు. మెదడు క్షీణించుటవలన కలుగునవి.

ఇది ఏదో ఒక యింటి సంగతి కాదు. 2023లో ప్రకటింపబడిన అధ్యయనము ప్రకారము, మన దేశములో 60 యేండ్లు దాటినవారిలో నూటికి 7గురికి పైగా, అనగా దాదాపు 88 లక్షలమంది ఈ రోగముతో నున్నారు. పట్టణములకంటె పల్లెలలోనే ఇది హెచ్చు. రోగులకు ఇంటివారు చేయు సేవలో, ప్రపంచమంతట నూటికి 70 గంటలు స్త్రీలే చేయుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

ఇక ఆ కోడలి దినమును చూడుడి. రాత్రి రెండు గంటలకు అవ్వ లేచి, "మా యింటికి పోవలెను" అని తలుపు తీయును. వెంటబడి తీసికొని రావలెను; ఊరిబయట చెరువున్నది. తెల్లవారునప్పటికి పక్కబట్టలు ఉతుకవలెను. ఒకే ప్రశ్నకు ఇరువదిసార్లు జవాబు చెప్పవలెను. స్నానము చేయించబోయిన చేతిని అవ్వ గిల్లును. తరువాత కూలికి పోవలెను. పోయిన అవ్వను ఎవరు చూతురు? పోకున్న పొయ్యి ఎట్లు రాజును? ఒకనాడు ఆమె ఓర్పు తెగి కేకవేయును. వెంటనే పెరటిలోనికి పోయి యేడ్చును. ఆ కేక వీధికి వినబడినది. ఆ యేడ్పు వినినవారెవరు?

కొందరు, "అవ్వకు గాలి సోకినది; దయ్యమును వెళ్లగొట్టవలెను" అందురు. సహోదరులారా, చక్కెర వ్యాధికి మందు మ్రింగు మీరు, మెదడు వ్యాధికి దయ్యమని పేరు పెట్టుట న్యాయమా? థైరాయిడు లోపమువలనను, బి12 విటమిను లోపమువలనను సయితము మతి మందగించవచ్చును. మూత్రపు వ్యాధి సోకినప్పుడు వృద్ధులు హఠాత్తుగా కలవరపడుదురు. వీటికి చికిత్స కలదు. ముందు వైద్యునియొద్దకు తీసికొనిపోయి పరీక్ష చేయింపుడి.

మరికొందరు, "తలిదండ్రులను సన్మానింపుమను ఆజ్ఞ లేదా? అది ఆమె విధి" అందురు. ఉన్నది. అయితే ఆ ఆజ్ఞ కోడళ్లకు మాత్రమే ఇయ్యబడెనా? కన్న కుమారుడు అరుగుమీద పేకాడుచుండగా, కూతుళ్లు పండుగకు వచ్చి తప్పులెన్నిపోవుచుండగా, ఆజ్ఞను మీరినదెవరు? దేవునికి అర్పితమని చెప్పి తలిదండ్రుల అక్కర తీర్చనివారిని ప్రభువు గద్దించిన సంగతి మార్కు సువార్త 7వ అధ్యాయములో చదువుడి. సభల పందిళ్లకు చందా వేసి, ఎదురింటి గడప తొక్కని మనకు ఆ గద్దింపు తగులదా?

"మేము ప్రార్థించుచున్నాము గదా" అందురా? ప్రార్థింపుడి. అయితే రెఫీదీములో మోషే చేతులు బరువెక్కినప్పుడు అహరోను, హూరు ఏమి చేసిరి? ఆయన కూర్చుండుటకు రాయి తెచ్చి వేసిరి. ఇరుప్రక్కల నిలిచి, ప్రొద్దు గ్రుంకువరకు ఆయన చేతులను మోసిరి. దైవజనుడైన మోషే చేతులే అలసినవి. ఈ కోడలి చేతులు అలసిన తప్పా?

నిజముగా అన్నము పెట్టని యిండ్లు లేవని నేననను. కలవు. అయితే దానిని తెలిసికొను మార్గము అరుగు కాదు, లోపలికి పోవుటయే.

కావున సంఘపెద్దలారా, స్త్రీల సమాజమువారలారా, యౌవనస్థులారా, ఒక పట్టిక వ్రాయుడి. పది కుటుంబములు వారమునకు రెండేసి గంటలు ఇచ్చిన యెడల, ఆమెకు ఇరువది గంటలు దొరకును. ఆ గంటలలో ఆమె నిద్రపోవచ్చును, కూలికి పోవచ్చును, ఆరాధనకు రావచ్చును. దేవాలయములో స్త్రీలు కూర్చుండు చాపమీద ఆమె చోటు ఎంతకాలమునుండి ఖాళీగా నున్నదో మీకు తెలియునా? ప్రభువు బల్ల దగ్గర ఆమె లేదని మీలో ఎవరైనను గమనించితిరా?

అక్కడ కూర్చుండుటకు గొప్ప విద్య అక్కరలేదు. అవ్వతో వాదింపకుడి. చనిపోయిన భర్త ఏడి అని అడిగిన యెడల, ప్రతిసారి మరణవార్త చెప్పి ఏడిపింపకుడి. ఆయనను గూర్చిన మంచిమాట ఒకటి అడుగుడి. పాత కీర్తన ఒకటి ఎత్తుకొనుడి. మాటలు మరచినవారు సయితము పాట అందుకొనుట కద్దు.

ఈ రోగులలో అనేకులకు సందెవేళ కలవరము హెచ్చగును. ఆ వేళకే వెళ్లుడి. అవ్వ మిమ్మును చూచి, "నా కోడలు అన్నము పెట్టలేదమ్మా" అని మరల చెప్పును. వినుడి, కుళాయియొద్దకు మోయకుడి. ఆమె చేయి పట్టుకొని ప్రక్కన కూర్చుండి, లోపలనున్న కోడలితో, "నీవు కాసేపు పడుకొనుమమ్మా, నేనున్నాను" అని చెప్పుడి.