మట్టం ఎవరి చేతిలో ఉంది?

మా ఇంటి గచ్చు మేమే వేసుకున్నాం. అయ్య, అమ్మ, నేను, తమ్ముడు. ఈ మాట చెప్పగానే కొందరు పెద్దలు మెచ్చుకుంటారు. "చూశారా, సొంత కాళ్ళమీద నిలబడటమంటే ఇదీ" అంటారు. ఆ మెప్పు మాకొద్దు. ఎందుకొద్దో చెప్పడానికే ఇది రాస్తున్నా.

కాలనీలో మాకిచ్చిన ఇల్లంటే నాలుగు గోడలు, పైన స్లాబు. లోపల ఎగుడుదిగుడు మట్టి. ఎం-బుక్కులో మాత్రం గచ్చు వేసినట్టే రాసుంది. బిల్లు కూడా పాసయింది. అడగబోతే వచ్చిన జవాబు ఇది: "మీవాళ్ళంతా తాపీపనోళ్ళేగా! ఒక పూట ఒళ్ళొంచితే అయిపోయేదానికి ఇంత దూరం రావాలా?"

ఈ ఒక్క మాటలో మనువు మొత్తం ఉన్నాడు. పని వచ్చినోడు కాబట్టి వాడికి కూలి అక్కర్లేదంట! ఇంజనీరు ఇల్లు కట్టుకుంటుంటే "నీకు లెక్కలొచ్చుగా, నీకు బ్యాంకు అప్పెందుకు?" అని ఎవడన్నా అన్నాడా? పంతులు కొడుకుతో "మీ నాయనకి చదువొచ్చుగా, నీకు బడెందుకు?" అన్నారా? వాళ్ళకొచ్చిన పని విద్య అవుతుంది. మాకొచ్చిన పని వెట్టి అవుతుంది.

"ఒక పూట" అన్నారు గదా, ఆ పూట లెక్కేంటో చూద్దాం. పది అడుగులకి పన్నెండడుగుల గది. ముందు మట్టి నింపి, నీళ్ళు కొట్టి, దిమ్మిసతో అణగ్గొట్టాలి. మట్టి అణగకపోతే పైన ఎంత సిమెంటు పోసినా బీటలిస్తుంది. దానిమీద ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్ళు ఇసుక, ఎనిమిది పాళ్ళు 40 మిల్లీమీటర్ల కంకర కలిపి నాలుగంగుళాల మందాన పరవాలి. అది గట్టిపడ్డాక శుభ్రంగా కడిగి, సిమెంటు పాలు చిమ్మి, పైన అంగుళంన్నర గచ్చు. దీనికి ఒకటికి నాలుగు పాళ్ళు ఇసుక. అంతా కలిపితే ఒక్క గదికి ఏడు బస్తాలు, అంటే దరిదాపు 350 కిలోల సిమెంటు. దానికి తగ్గ ఇసుక, కంకర నెత్తిన మోసి లోపల పోయాలి. ఆ మోతకి ఏ పుస్తకంలోనూ పద్దు లేదు.

ఇక మట్టం. అసలు విద్య అక్కడుంది. మా అయ్య ఏ బడిలోనూ అడుగు పెట్టలేదు. కనిపించే పైపులో బుడగ లేకుండా నీళ్ళు నింపి, ఒక కొస ఒక మూల గోడకి, రెండో కొస ఇంకో మూలకి పట్టించాడు. రెండు కొసల్లో నీళ్ళు నిలకడగా ఆగినచోట గీతలు గీశాడు. అట్లా నాలుగు గోడలకీ ఒకే ఎత్తులో గీత. ఆ గీత నుంచి కిందికి కొలిచి, మూలమూలకీ మాలు కుప్ప పెట్టి, దాని తల గచ్చు ఎత్తుకి సరిచేశాడు. ఆ కుప్పల మధ్య దారం కట్టి, వెనక గోడ నుంచి గుమ్మం వైపుకి మాలు పరుచుకుంటూ బద్దతో లాక్కుంటూ వచ్చాడు. గుంట పడ్డచోట నింపి మళ్ళీ లాగడం, చెక్కతో రుద్దడం, చివర తాపీతో నునుపు తేవడం. "ఒరే, నీళ్ళు ఆసామికి ఒక లెక్క, పాలేరుకి ఒక లెక్క చెప్పవురా" అనేవాడు అయ్య. భౌతికశాస్త్రం పుస్తకంలో ఈ సూత్రం చదివినప్పుడు నాకేం కొత్తగా అనిపించలేదు. ఆ పుస్తకంలో మా అయ్యలాంటి వాడి ఊసు లేకపోవడమే కొత్తగా అనిపించింది.

నీళ్ళు సమంగా ఉంటాయి గానీ ఈ దేశంలో నేల సమంగా లేదు. ఊరు మెరకన ఉంటుంది, గూడెం పల్లాన ఉంటుంది. ఊరి మురుగంతా మా గుమ్మాల ముందుకే వాటం. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడ్డప్పుడు మెరక మీద డాబా ఉన్నోడికీ, పల్లంలో గుడిసె ఉన్నోడికీ చావు ఒక్కలా రాలేదు. 1920లోనే మూక్‌నాయక్ తొలి సంచికలో అంబేద్కర్ హిందూ సమాజాన్ని నిచ్చెన లేని అంతస్తుల మేడతో పోల్చాడు. ఆ మేడలో అన్ని అంతస్తుల గచ్చులూ వేసింది మేమే. మాకు మిగిలింది మాత్రం కింద చెమ్మ నేల.

ఇక్కడ కవిగారొకాయన అడ్డమొస్తాడు. పేడతో అలికిన నేల ఎంత చల్లన, ముగ్గు ఎంత అందం, సిమెంటొచ్చి పల్లె పాడైపోయిందని బాధపడతాడు. అయ్యా, ఆ పేడ ఎత్తింది ఎవరు? మా అమ్మలు. మీ వాకిళ్ళు అలికొచ్చి, నడుం పట్టేసినాక మా గుడిసె అలికేవాళ్ళు. వానాకాలం మా మట్టి నేల ఊటలూరేది. జెర్రులు పాకేవి. నా ఏడో తరగతి పుస్తకాలు సగం చెదలు తిన్నాయి. మట్టిని మేం తక్కువ చేయడం లేదు. మట్టితో మా అంత సావాసం ఎవరికీ లేదు. కానీ మీరు పాలరాయి మీద కూచుని మమ్మల్ని మట్టిలోనే ఉండమంటే అది సౌందర్యం కాదు, కాపలా.

అయ్య ముప్పై ఏళ్ళపాటు ఆసాముల ఇళ్ళలో గచ్చులేశాడు. గచ్చు పచ్చిగా ఉన్నన్నాళ్ళు దేవుడి గదిలో కూడా ఆయన గొంతుక్కూచుని తాపీ పట్టాల్సిందే. సిమెంటు వేళ్ళ సందులు తినేస్తే రాత్రిళ్ళు కొబ్బరినూనె రాసుకునేవాడు. గచ్చు ఆరి గృహప్రవేశం అయిందా, అదే మనిషి అరుగు కింద నిలబడి కూలి బాకీ అడగాలి. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది 1950లో. పచ్చి గచ్చుకి లేని అంటు ఆరిన గచ్చుకి ఎక్కణ్ణుంచి వచ్చిందో ఏ శాస్త్రులైనా చెప్పగలడా?

మనవాళ్ళని కూడా ఒక మాట అడగాలి. మా అమ్మ అయ్యతో సమానంగా పనికెళ్ళింది. మాలు కలిపింది, మోసింది, ఇటుకలందించింది. ఆమె చేతికి తాపీ ఎవరూ ఇవ్వలేదు. ఆసామీ ఇవ్వలేదు, మేస్త్రీ ఇవ్వలేదు, మొగుడూ ఇవ్వలేదు. సమాన వేతన చట్టం 1976లోనే వచ్చినా ఆమెకి ముట్టింది ఆడకూలే. మా గచ్చుకి పది రోజులు నీళ్ళు కట్టింది ఆమే. ఎండకి గచ్చు ఆరిపోకుండా గోనెలు పరిచి, కాలనీ చివర బోరు నుంచి పొద్దునా సాయంత్రం బిందెలతో నీళ్ళు మోసింది. ఆ నీళ్ళు లేకపోతే మా అయ్య పనితనం పొడై రాలిపోయేది. గచ్చు గట్టిదనంలో సగం ఆమెది. మేస్త్రీ అనే పేరు మాత్రం ఆయనొక్కడిదే. కులం మట్టం గురించి మాట్లాడే మనం ఈ వాటం సంగతి కూడా మాట్లాడి తీరాలి.

కాబట్టి విద్యార్థి తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ, కార్యకర్తలకీ నేను చెప్పేదొక్కటే. మన గచ్చు మనం వేసుకుందాం, వేసుకోగలం. కానీ మన చేతిపనిని చూపించి మన డబ్బు మింగితే ఊరుకోవద్దు. 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం ఎం-బుక్కు నకలు అడగొచ్చు, జరిగిన పనిని కళ్ళారా తనిఖీ చేయొచ్చు, వాడిన సామాను నమూనా కూడా తీసుకోవచ్చు. మీ కాలనీలో ఇంటింటికీ వెళ్ళండి. ఎన్ని గదుల్లో గచ్చుంది, ఎవరు వేశారు, ఎన్ని బస్తాలు పట్టింది, ఎన్ని రోజుల కూలి పోయింది, అందులో ఆడమనిషి రోజులెన్ని, అన్నీ రాయండి. ఆ కాగితాన్ని ఎం-బుక్కు పక్కన పెట్టండి. తేడా ఎంతో తేల్చి, ఆ డబ్బు వసూలయ్యేదాకా ఆఫీసు గచ్చు మీదే కూచోండి. దాన్ని వేసింది కూడా మనవాళ్ళే.