బాలుర మోచేయి – బంతుల లెక్క

అమెరికా, జపాను దేశములవారికి మిక్కిలి ప్రియమైన బేసుబాలు ఆటయందు బంతి విసరువానిని పిచ్చరందురు. మన క్రికెట్టులో బంతి వేయువాడు విసరునపుడు మోచేతిని వంచి చాపరాదు. ఇతడో, మోచేతిని వంచి కొరడా ఝళిపించినట్లు విసరును. ఆ విసురునకు మోచేతి లోపలివైపున నెముకలను బంధించు స్నాయువు ప్రతి పర్యాయమును లాగబడును. పెద్దవానికి ఆ స్నాయువు తెగును. ఎదుగుచున్న బాలునకు తరచుగా ఎముకకొన యందింకను గట్టిపడని లేతభాగమే ముందు చెడును.

పూర్వము చేయి చెడినవాని ఆట అంతటితో సరి. శాండీ కోఫాక్సు అను మేటి పిచ్చరు మోచేతి బాధచే 1966లో ముప్పదియేండ్లకే విరమించెను. 1974లో డాక్టరు ఫ్రాంకు జోబు, టామీ జాన్ అనువాని కుడి ముంజేతినుండి యొక పోగు తీసి, చెడిన యెడమ మోచేతియందమర్చెను. అతడు 1976లో మరల ఆటకు వచ్చి 1989 వరకు ఆడెను. ఘనకార్యమే, సందేహము లేదు. అయినను ఆ శస్త్రచికిత్సచే చేయి మునుపటికన్న బలపడునని నమ్ము తల్లిదండ్రులు బయలుదేరిరి! ఇంతకన్న వింత యేమున్నది?

జపానులో 1998 సంవత్సరపు కోషియెన్ పోటీలయందు మత్సుజాకా దైసుకే యను ఉన్నతపాఠశాల విద్యార్థి, 17 ఇన్నింగ్సు సాగిన యొక్క పందెములోనే 250 బంతులు విసరెను. దేశమంతయు జేజేలు పలికెను. 2011లో అతని మోచేతికిని ఆ శస్త్రచికిత్స జరిగెను. ఆ యొక్క దినమే కారణమనను. కాని బాలుని ధైర్యమును మెచ్చుకొందునే గాని, విసరనిచ్చిన పెద్దలను మెచ్చజాలను.

ఇపుడు కట్టుబాట్లు వచ్చినవి. అమెరికాలోని లిటిల్ లీగువారు 2007 నుండి బంతులనే లెక్కించుచున్నారు. పదునొకండు, పండ్రెండేండ్ల వారికి దినమునకు 85 మాత్రమే. జపాను ఉన్నతపాఠశాలలకు 2020లో వారమునకు 500 అని విధించిరి. ఇది నాకధికముగనే తోచుచున్నది. ఏలయన, అంకెకన్న అలసట ముఖ్యము. శస్త్రచికిత్సకు వచ్చిన బాలురను ఇతరులతో పోల్చి 2006లో ప్రకటించిన పరిశోధనయందు, అలసిన చేతితో తరచుగా విసరువారికి అపాయము 36 రెట్లని తేలెను. అలసితినని ఏ బాలుడు తన జట్టు ఎదుట చెప్పును?

మరియొక చిక్కు. ఒకే బాలుడు శనివారము పాఠశాలకును, ఆదివారము వేరొక జట్టునకును ఆడును. ఎవరి పుస్తకము వారిదే. చేయి మాత్ర మొక్కటే. రెండు లెక్కలను కలిపి వ్రాయు పుస్తకమొకటి, గెలుపుతో పనిలేని వైద్యునికడ నుండవలెనని నా తలంపు.