కొమ్ము పురుగు పుట్టేది పెంటపోగులో

కొబ్బరి మొవ్వులోంచి కొత్త ఆకు విప్పుకోగానే కత్తెరతో కోసినట్టు కనపడితే మన రైతు చూపు చెట్టు పైకే పోతుంది. దింపు మనిషిని బతిమాలి ఎక్కించి, ఇనుప కొక్కెంతో పురుగును లాగించి హమ్మయ్య అనుకుంటాడు. నెల తిరక్కుండా మరో పురుగు దిగుతుంది. పైకెన్నిసార్లు ఎక్కించినా అంతే. దాని పుట్టిల్లు కింద వుంది.

కొమ్ము పురుగు రెక్కలొచ్చాకే చెట్టెక్కుతుంది. అంతకుముందు తెల్లగా, లావుగా ముడుచుకుని నెలల తరబడి పెంటపోగులో, కుళ్లిన కొబ్బరి మొద్దులో పెరుగుతుంది. చెరకుకు పట్టే వేరుపురుగూ చూడ్డానికి ఇలాగే వుంటుంది గానీ, అది తేలిక నేలల్లో బతికున్న వేళ్లు కొరుకుతుంది. లోతుగా దున్నితే పైకి తేలి కాకుల పాలవుతుంది. కొమ్ము పురుగు పిల్లకు కావలసింది తడి, మెత్తదనం, కుళ్లు. అది దుక్కికి దొరకదు, పోగు తిరగెయ్యాల్సిందే.

1996 నవంబరు 6 తుపానుకు కోనసీమలో లక్షల చెట్లు కూలాయి. అంత నష్టం లేకున్నా, గాలికి పడ్డ చెట్టునీ, ఎండిన మోడునీ గట్టు మీద అలాగే వదిలెయ్యడం మనకి అలవాటైపోయింది. మొద్దు చీల్చి పొయ్యిలోకి వాడేస్తే సగం బెడద పోతుంది.

పోగులో పురుగును చంపే పచ్చని బూజు ఒకటుంది, మెటారైజియం అంటారు. పోగులో చెమ్మ వుంటేనే అది బాగా పనిచేస్తుంది. నీళ్లు చల్లి, పైన కమ్మలు కప్పాలి. మోతాదు అంబాజీపేట కొబ్బరి పరిశోధన స్థానంలో అడిగి తెలుసుకోండి. లేత మొక్కలకైతే వేపపిండి పావుకిలో, అంతే ఇసుక కలిపి మొవ్వు చుట్టూ మట్టల మొదళ్లలో ఏడాదికి మూడుసార్లు వెయ్యాలి. కొమ్ము పురుగు చేసిన గాయంలోనే ఎర్రముక్కు పురుగు గుడ్లు పెడుతుంది. అది చేరితే చెట్టే పోతుంది. మళ్లీ నాటి కాయ చూడాలంటే ఆరేడేళ్లు.

అయితే ఒక్కడు చేస్తే లాభం లేదు. అరెకరం కౌలు రైతు తన పోగు శుభ్రం చేసుకున్నా, పట్నంలో వుంటున్న ఆసామి తోటలో కుళ్లే మొద్దుల్లోంచి పురుగు ఎగిరొస్తుంది. నష్టం మాత్రం కౌలు కట్టేవాడిది. అందుకే ఈ పని పంచాయతీ ఎత్తుకోవాలి. వేసవిలో ఒక వారం పెట్టి ఊళ్లో పోగులన్నీ ఒకేసారి తిరగేయించాలి, మొద్దులు తీయించాలి, తీయని ఆసామికి నోటీసివ్వాలి. తిరగేసిన రోజు కోళ్లను వదిలితే చాలు, ఏరుకు తింటాయి.