వెయిటింగ్ లిస్టులో ఉన్నవాడిని వేలానికి పెడతారా?

2022 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ ఒక టెండర్ పిలిచింది. ప్రయాణికుల సమాచారాన్ని సొమ్ము చేసుకునే మార్గాలు చెప్పే సలహాదారు కావాలన్నది దాని సారాంశం. పేరు, వయసు, ఫోన్ నంబరు, చిరునామా మాత్రమే కాదు. ఎవరు ఏ తరగతిలో, ఎంత తరచుగా వెళ్తున్నారు, టికెట్ ఎప్పుడు కొంటున్నారు, డబ్బు ఎలా చెల్లిస్తున్నారు అనేవి కూడా అధ్యయనం చేయవలసిన జాబితాలో ఉన్నాయి. వెయ్యి కోట్ల రూపాయల రాబడి మీద కన్నుపడింది. గగ్గోలు పుట్టడంతో, టెండర్‌ను ఉపసంహరించుకున్నామని సంస్థ ఆ నెలలోనే పార్లమెంటరీ స్థాయీసంఘానికి విన్నవించింది.

ఉపసంహరణకు చూపిన కారణాన్ని గమనించాలి. వ్యక్తిగత సమాచార రక్షణ బిల్లు ఆమోదం పొందలేదు కనుక వెనక్కి తగ్గామన్నారు. ఆలోచనే తప్పని ఎక్కడా అనలేదు. 2023లో చట్టం వచ్చింది. అంటే నాడు చూపిన అడ్డంకి నేడు లేదు.

సైటుకు వచ్చేవారిని లెక్కించడం నేరమా, ప్రతి దుకాణమూ చేసేదే కదా అని సమర్థకులు అడుగుతారు. లెక్కించడం నేరం కాదు. ఏ పేజీ దగ్గర జనం ఆగిపోతున్నారో, ఏ గంటలో సర్వర్ కుంగిపోతోందో తెలియకుండా సేవ మెరుగుపడదు. కానీ దుకాణం నచ్చకపోతే పక్క దుకాణానికి పోవచ్చు. రైల్వేకు పక్క దుకాణం లేదు. చట్టం సమ్మతి అడగమంటుంది, నిజమే. గత్యంతరం లేనివాడు తత్కాల్ తొందరలో పెట్టే టిక్కు సమ్మతి అవుతుందా?

అసలు ప్రశ్న, లెక్క ఎవరి కోసం అన్నది. బిలాస్‌పూర్‌నే తీసుకోండి. ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్రమైన ఈ ఊళ్లో, దయాల్‌బంద్ వంటి పేటల్లో, బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి రైలుతో ముడిపడిన బతుకులు ఉన్నాయి. విశాఖ, విజయనగరం వైపు వెళ్లవలసిన తెలుగు కుటుంబాలు పండుగ వచ్చిందంటే వెయిటింగ్ లిస్టు చూసుకుంటూ కూర్చుంటాయి. ఏ రోజున, ఏ రైలులో, ఎందరికి బెర్తు దొరకలేదో ఐఆర్‌సీటీసీ కంప్యూటర్లకు క్షుణ్ణంగా తెలుసు. కొత్త బోగీ ఎక్కడ తగిలించాలో చెప్పడానికి అంతకు మించిన విశ్లేషణ అక్కర్లేదు. ఆ లెక్కతో అదనపు రైలు వేయవచ్చు. అదే లెక్కతో ప్రయాణికుడిని హోటళ్లకు, బీమా కంపెనీలకు గిరాకీగా అప్పగించవచ్చు. టెండర్ ఏ దారి పట్టిందో చూశాం.

మరో సంగతి. సైటు లెక్కలో సైటుకు వచ్చినవాడే కనిపిస్తాడు. ఇటుక బట్టీల పనికి వలసపోతూ జనరల్ బోగీలో నిలబడి వెళ్లే ఛత్తీస్‌గఢ్ కూలీ ఆ పట్టికలో ఉండడు. దేశంలో రైలెక్కేవారిలో ఎక్కువమంది రిజర్వేషన్ లేనివారే. కొనుగోలు శక్తిని బట్టి నిర్ణయాలు జరిగితే ముందుగా మరుగున పడేది వీరే.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చిచెప్పింది. మెజారిటీ వాటా ప్రభుత్వానిదైన సంస్థకు ఆ మాట మరొకరు గుర్తుచేయవలసి రావడమే సిగ్గుచేటు. ప్రయాణికుల వివరాలను వ్యాపారానికి వాడబోమని రైల్వే మంత్రి పార్లమెంటులో లిఖితపూర్వకంగా హామీ ఇవ్వాలి. మార్గాలవారీగా వెయిటింగ్ లిస్టు లెక్కలను, పేర్లు లేకుండా, ప్రతి నెలా ప్రజల ముందు పెట్టాలి. మన ప్రయాణాలు కొలిచి పోగేసిన లెక్క అది. దాన్ని చూసే మొదటి హక్కు మనదే.