హెల్మెట్ ఖరీదు, తల ఖరీదు



మొన్న మా అబ్బాయితో కలిసి హెల్మెట్ కొనడానికి పట్నం వెళ్లాము. వాడు ఎనిమిది వేల రూపాయలది చేతిలోకి తీసుకొని కింద పెట్టలేదు. "ప్రాణం కంటే డబ్బు ఎక్కువా నాన్నా?" అన్నాడు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. పక్కనే పన్నెండు వందలది ఉంది. రెండిటి మీదా ఐ.ఎస్.ఐ. గుర్తు ఉంది.

తేడా ఏమిటని అడిగాము. ఖరీదైనది తేలిక, లోపల గాలి బాగా ఆడుతుంది. అలాంటి వాటిలో కొన్ని విదేశీ పరీక్షల్లో కూడా నెగ్గినవట. రోజంతా బండి మీద తిరిగేవారికి ఆ డబ్బు వృథా కాదు. అయితే తలను కాపాడే పద్ధతి రెండిటిలోను ఒక్కటే. లోపలి థర్మాకోల్ పొర తాను నలిగి, తలకు తగిలే అదురును తగ్గిస్తుంది. నలిగిన పొర మరల లేవదు గనుక, గట్టి దెబ్బ తిన్న హెల్మెట్ ఎంత ఖరీదైనదైనా మార్చవలసిందే. 2021 జూన్ 1 నుండి మన దేశంలో ఐ.ఎస్.ఐ. గుర్తు లేనివి అమ్మకూడదు. గుర్తు చూసి, రసీదు అడిగి కొనండి.

బేరం మధ్యలో ఒక సంగతి మా మనస్సును పొడిచింది. ప్రతి ఆదివారం వాడి బండి వెనుక కూర్చొని మందిరానికి వచ్చేది వాళ్లమ్మ. ఆమె తల మీద ఉండేది చీర కొంగు మాత్రమే. ఆరాధనలో అది భక్తికి గుర్తే గాని, రోడ్డు మీద దెబ్బను ఆపదు. వెనుక కూర్చున్నవారికీ హెల్మెట్ ఉండాలని చట్టమే చెబుతుంది. ఇన్నాళ్లు ఆమెను అలాగే పంపినందుకు సిగ్గుపడ్డాము.

ద్వితీయోపదేశకాండము 22:8 తీసి చూడండి. ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలని, ఎవరైనా పడి చనిపోతే ఆ దోషం ఇంటివారిదేనని అక్కడ ఉంది. పిట్టగోడకు నగిషీలు చెక్కించమని దేవుడు చెప్పలేదు. అది లేకుండా ఇల్లు ఉండకూడదన్నాడు. "దేవుడే కాపాడతాడులే" అంటూ హెల్మెట్టును హ్యాండిలుకు తగిలించుకొని పోవడం విశ్వాసం కాదు, ప్రభువును శోధించడం.

మరుసటి వారం ఆమెను కూడా తీసుకెళ్లి, ఇద్దరికీ తలకు సరిపడినవి మూడు వేల లోపే కొన్నాము. బుగ్గలను కొంచెం నొక్కుతూ బిగుతుగా ఉండాలి. పట్టీ బిగించి వెనుక నుండి ముందుకు లాగితే ఊడి రాకూడదు. "జనం నవ్వుతారండీ" అంది ఆమె. ఎవరూ నవ్వలేదు, మందిరం దగ్గర ఇద్దరు అక్కలు ధర అడిగారు.

మీ ఇంట బండి ఎక్కేవారెందరు? హెల్మెట్లు ఎన్ని? ఈ వారమే లెక్క చూసుకోండి. ప్రయాణానికి ముందు ప్రార్థన చేయండి; ఆమేన్ అన్నాక పట్టీ బిగించండి.