గంట సరే, తాగేది ఏ నీళ్లు?

చంద్రపూర్ ఎండ సంగతి ఇక్కడి వాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2019 మే నెలాఖరులో 48 డిగ్రీల దాకా వెళ్లింది. మిగతా మహారాష్ట్రలో జూన్ మధ్యలో తెరిచే బడులు విదర్భలో ఇంకాస్త ఆలస్యంగా తెరుస్తున్నదీ ఈ ఎండల వల్లనే. 2019లో కేరళలో మొదలైన 'వాటర్ బెల్' 2025 వేసవిలో ఆంధ్రప్రదేశ్ బడుల్లోనూ మోగింది. గంట కొట్టగానే పిల్లలంతా సీసా తీసి నీళ్లు తాగాలి. మన తెలుగు బడుల్లోనూ ఇది ఉండాలని మేమూ కోరుకుంటాం. దాహం వేసేసరికే ఒంట్లో నీరు తగ్గి ఉంటుంది. ఆటలో పడ్డ పిల్లలకు ఆ దాహమూ గుర్తుండదు.

అయితే గంట మోగినా తాగని పిల్లలుంటారు, ముఖ్యంగా ఆడపిల్లలు. మరుగుదొడ్డి శుభ్రంగా లేకపోతే, తలుపుకి గడియ లేకపోతే ఇంటికెళ్లేదాకా గుక్కెడు నీళ్లు ముట్టరు. వాళ్లకు నీళ్ల గొప్పతనం మీద పాఠం చెప్పి లాభం లేదు, ముందు గడియ బిగించాలి.

అసలు చిక్కు నీళ్లలోనే ఉంది. మన జిల్లాలో కొన్ని గ్రామాల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని పరిశోధకులు ఎప్పటినుంచో చెబుతున్నారు. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చు, వేరే దిక్కు లేనిచోట 1.5 దాకా. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పళ్ల మీద తెల్లటి, గోధుమరంగు చారలు పడతాయి. శాశ్వత దంతాలు లోపల తయారయ్యేది సుమారు ఎనిమిదేళ్ల లోపే కనుక ఆ చార ఒకసారి పడితే తోమినా పోదు. ఇంకా ముదిరితే ఎముకలు పట్టేస్తాయి. నల్గొండ పేరు వింటే మన పెద్దలకు ఇదే గుర్తొస్తుంది. విచిత్రమేమిటంటే, పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే 'నల్గొండ పద్ధతి'ని రూపొందించింది మన పక్కనున్న నాగపూర్‌లోని నీరీ సంస్థ.

కాచి వడపోస్తే చాలనుకునే తల్లిదండ్రులు చాలామంది. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఇంకాస్త చిక్కబడుతుంది కూడా. మామూలు ఫిల్టర్లతోనూ పోదు, ఆర్‌ఓతో తగ్గుతుంది.

ఇక తిండి. శరీరానికి ఫ్లోరైడ్ పట్టకుండా కాల్షియం కొంత అడ్డుపడుతుంది. పాలు, మజ్జిగ, రాగి జావ, ఆకుకూరలు ఇందుకు పనికొస్తాయి. సి విటమిన్ కోసం జామ, ఉసిరి, నిమ్మ. ఖరీదైన పొడుల డబ్బాలు అవసరం లేదు. మజ్జిగలో నల్ల ఉప్పు వేసే అలవాటు మాత్రం ఇలాంటి ఊళ్లలో మానుకోవాలి, అందులోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. తేయాకులోనూ ఉంటుంది. పొద్దున్నే పిల్లాడి చేతికి టీ గ్లాసు ఇచ్చి బడికి పంపే ఇళ్లు మనలో తక్కువేం కాదు.

నీటి పరీక్ష పెద్ద పనేం కాదు. జల్ జీవన్ మిషన్ కింద ఊళ్లలో పరీక్ష కిట్లు ఇచ్చి మహిళలకు శిక్షణ ఇస్తున్నారు. జిల్లా స్థాయిలో ప్రయోగశాలలూ ఉన్నాయి. ఈసారి బడి యాజమాన్య కమిటీ కూర్చున్నప్పుడు గంట ఎప్పుడు కొట్టాలన్న చర్చకు ముందు మూడు విషయాలు అడగండి: కుళాయికి నీళ్లు ఏ బోరు నుంచి వస్తున్నాయి, చివరిసారి ఎప్పుడు పరీక్ష చేయించారు, ఫ్లోరైడ్ ఎంత తేలింది.